టైల్స్ కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీది షేడ్ నంబరు చూడకుండా పని మొదలుపెట్టించకండి

ఇంటి నేలకు టైల్స్ ఎంచుకున్నప్పుడు రంగు, నునుపు, డిజైను చూసి సంతృప్తిపడ్డానే గాని, పెట్టె పక్కన చిన్న అక్షరాలతో ముద్రించి ఉన్న షేడ్ నంబరును (ఆ విడత రంగు ఛాయను తెలిపేది), కాలిబర్‌ను (టైల్ అసలు కొలతను తెలిపేది) నేను పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యం ఫలితం ఇప్పుడు హాలు మధ్యలో ఒక పట్టీలా కనిపిస్తోంది.

నేల విస్తీర్ణం 600 చదరపు అడుగులు. 600 మిల్లీమీటర్ల చదరపు టైల్స్ నాలుగు ఉండే పెట్టె సుమారు 15.5 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి దుకాణదారు 39 పెట్టెలు చాలన్నారు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే గోడల వెంట వేసే నాలుగంగుళాల స్కర్టింగ్‌నూ, మూలల్లో కోతకు పోయే ముక్కలనూ, దించేటప్పుడు పగిలేవాటినీ అందులో కలపనే లేదు. తక్కువైతే ఇదే రకం మళ్లీ ఇస్తామన్న మాట నమ్మాను. చివరికి ఏడు పెట్టెలు తక్కువయ్యాయి.

రెండోసారి వచ్చిన సరుకు మీద పేరూ, కోడూ అవే ఉన్నాయి. మేస్త్రి వాటిని సాయంత్రం బల్బు వెలుగులో పరిచారు. మరునాడు కిటికీలోంచి ఎండ పడేసరికి కొత్త వరుసలన్నీ కాస్త బూడిద రంగుగా తేలాయి. అంతేకాక టైల్ కొలతలోనే అతి చిన్న తేడా ఉండడంతో జాయింట్ గీతలు పాత వరుసలతో కలవకుండా పక్కకు జరుగుతూ పోయాయి. ఖాళీ పెట్టెలు తీసి చూస్తే షేడ్ నంబరూ, కాలిబరూ రెండూ వేరు.

మట్టి మిశ్రమంలోనూ, కొలిమి వేడిలోనూ వచ్చే స్వల్పమైన మార్పుల వల్ల ఒకే డిజైను టైల్స్ కూడా విడతవిడతకూ రంగులో, కొలతలో కొద్దిగా మారుతుంటాయి. ఆ తేడాను తెలియజేయడానికే కంపెనీలు ఈ నంబర్లు వేస్తాయి. పరిచిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణంలో బిల్లు చూపించారు. ఆ నిబంధనను నేను తప్పుపట్టను. షేడ్ మారిందని తెలిసి కూడా ముందుగా చెప్పకపోవడమే నాకు కష్టం కలిగించింది.

కాబట్టి లెక్క వేయించేటప్పుడు స్కర్టింగ్‌ను విడిగా కొలిపించి, కోతకు పది శాతం, ఐమూలగా పరిచేటట్లయితే పదిహేను శాతం వరకు అదనంగా కలిపి, మొత్తం సరుకును ఒకేసారి తెప్పించుకోండి. బిల్లులో షేడ్ నంబరు రాయించుకోండి. దించిన వెంటనే ప్రతి పెట్టెనూ చదివి, వేర్వేరు పెట్టెల నుంచి నాలుగైదు టైల్స్ తీసి పగటి వెలుగులో పక్కపక్కనే పెట్టి చూడండి. ఈ పనికి అరగంట చాలు. అయినా తక్కువై వేరే షేడ్ తెచ్చుకోక తప్పకపోతే, దానిని అదే గదిలో కలపకుండా గడప అవతలి గదికో, అలమరాల అడుగుకో మళ్లించమని మేస్త్రికి ముందే చెప్పండి.