ఇంటి కత్తులకు రెండు వైపుల సానరాయి: ఏడాది వాడకం తరువాత

టమాటా తొక్క మీద కత్తి జారిపోవడం మొదలైన తరువాత, చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణంలో, ఒక వైపు 1000, మరొక వైపు 6000 గ్రిట్ (రాయి రేణువుల సన్నదనాన్ని తెలిపే అంకె; అది పెరిగేకొద్దీ రాయి నునుపుగా ఉంటుంది) ఉన్న సానరాయిని కొన్నాను. దానిని పావుగంట నీటిలో నానబెట్టి, జారకుండా తడిగుడ్డ మీద ఉంచి, కత్తిని 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టుకుని, అంచుకు అవతలి వైపు సన్నని గరుకు వేలికి తగిలే వరకు 1000 వైపు రుద్దాలి. ఆ గరుకు పిడి దగ్గర నుంచి మొన దాకా రాకముందే కత్తిని తిప్పేయడం వల్లనే మొదటి నెలంతా నాకు పదును కుదరలేదు. వాలు మారకుండా చేయి అలవాటు పడటమే ఇందులో అసలు కష్టం.

6000 వైపు అంచును నునుపు చేయడానికే గాని మొండిబారిన కత్తికి పనికిరాదు. కూరగాయలు తరిగే కత్తికి అది లేకపోయినా లోటేమీ ఉండదని నా అభిప్రాయం. అంతకుముందు నేను వాడిన, కత్తిని గాడిలో పెట్టి లాగే సాధనం క్షణాల్లో పని ముగించేది గాని, లోహాన్ని ఎక్కువగా గీకి అంచును గరుకుగా వదిలేది.

వాడేకొద్దీ రాయి మధ్యలో పల్లం పడుతుంది గనుక, గాజు పలక మీద పరచిన తడి వాటర్‌పేపర్‌ (తడిపి వాడే గరుకు కాగితం) పై రుద్ది చదును చేస్తున్నాను. పళ్లున్న బ్రెడ్ కత్తికి మాత్రం ఈ రాయి తగదు.