యాసుకునిలో పూట, చిదోరిగాఫుచిలో గంట: టోక్యో యాత్రలో ఒక రోజు

మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, మా ఊరి మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పోయారని నా చిన్నప్పుడు నాయనమ్మ చెబుతుండేది. అందుకే టోక్యో వెళ్లినప్పుడు ఒక రోజంతా యాసుకుని మందిరానికీ, ఆ చుట్టుపక్కల యుద్ధ స్మారకాలకూ పెట్టుకున్నాను.

బస నిషి కసాయ్‌లో. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట కాబట్టి ఇడ్లీ, సాంబారుకు లోటు లేదు. అక్కడ తోజాయ్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా కుదాన్‌షితాలో దిగొచ్చు. రెండు సూట్‌కేసులు తెరిస్తే గదిలో కాలు పెట్టే చోటు లేదు కానీ, శుభ్రతకు వంక పెట్టలేం. ముందు ఒక ట్రావెల్స్ వాళ్ల టూర్ బుక్ చేశాం. యాసుకుని దగ్గర అరగంటే ఆపుతామని, మ్యూజియం ఉండదని తర్వాత చెప్పారు. రద్దు చేసుకుంటే సగం డబ్బే వెనక్కి వచ్చింది. గైడ్ అక్కర్లేదు, మీరే వెళ్లండి.

యాసుకుని 1869లో కట్టింది. ఇక్కడ సమాధులు లేవు, పేర్లే. యుద్ధాల్లో చనిపోయిన 24 లక్షల మందికి పైగా ఇక్కడ దేవతలుగా పూజలందుకుంటున్నారు. 1978లో యుద్ధకాలపు ప్రధాని తోజోతో సహా 14 మంది ఏ క్లాస్ యుద్ధ నేరస్థుల (యుద్ధానికి కుట్ర పన్నారని విచారించిన నాయకుల) పేర్లు కూడా అందులో చేర్చారు. గొడవంతా అక్కడే. 1975 తర్వాత చక్రవర్తి ఎవరూ ఇక్కడికి రాలేదు. ప్రధానులు వచ్చినప్పుడల్లా చైనా, కొరియా నిరసన తెలుపుతాయి. జపాన్ సైన్యంలో చనిపోయిన కొరియా వాళ్ల పేర్లు కూడా ఇక్కడ ఉన్నాయి. వాటిని తీసేయమని వాళ్ల కుటుంబాలు కోర్టుకెక్కినా మందిరం ఒప్పుకోలేదు.

పక్కనే యుషూకాన్ మ్యూజియం. కింది హాలుకు టికెట్ అక్కర్లేదు. అక్కడ జీరో యుద్ధవిమానం, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన థాయ్-బర్మా రైలుమార్గం మీద నడిచిన ఆవిరి ఇంజిన్ ఉన్నాయి. నిగనిగలాడే ఆ ఇంజిన్ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ పట్టాలు వేస్తూ 12 వేలకు పైగా యుద్ధఖైదీలు, వాళ్లకు ఎన్నో రెట్లు ఆసియా కూలీలు చనిపోయారు. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తమిళులు వేలల్లో ఉన్నారు. వాళ్ల కోసం అక్కడ ఒక దీపమైనా వెలిగించి ఉండాల్సింది అనిపించింది.

టికెట్ కొని లోపలికెళ్తే, పెళ్లి కాకుండానే చనిపోయిన కొడుకుల కోసం తల్లులు సమర్పించిన పెళ్లికూతురి బొమ్మలు కనిపించాయి. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆ తల్లుల దుఃఖాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అదే భవనంలో, 1937లో జపాన్ సైన్యం వేలాది మందిని చంపిన చైనా నగరం నాన్‌జింగ్ గురించి రాసింది చదివితే, మారువేషాల్లో ఉన్న చైనా సైనికులను కఠినంగా శిక్షించారన్నట్టుగా ఉంది. అక్కడి తల్లులకు బొమ్మలు లేవు, పేర్లు కూడా లేవు.

బయట మన రాధా బినోద్ పాల్‌కు 2005లో పెట్టిన స్మారక శిల ఉంది. యుద్ధం తర్వాత జపాన్ నాయకులపై జరిగిన టోక్యో విచారణలో నిందితులందరూ నిర్దోషులని విడిగా తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయన. భారతీయులం కదా అని అక్కడ ఫొటోకు నిలబడేముందు ఒక్కమాట. జపాన్ సైన్యం సామాన్య ప్రజలపై దారుణాలు చేసిందనడానికి సాక్ష్యాలు బలంగా ఉన్నాయని కూడా అదే తీర్పులో ఆయన రాశారు. ఆ మాట ఆ శిల మీద లేదు. నేను ఫొటో దిగలేదు.

పక్కనే ఉన్న షోవాకాన్‌లో యుద్ధకాలపు ఇళ్లు, రేషన్, తిండి గురించి చూపిస్తారు. పిల్లలతో వెళ్తే యుషూకాన్ కన్నా ఇదే నయం. సోమవారం మూసేస్తారు.

సాయంత్రం పది నిమిషాలు నడిచి చిదోరిగాఫుచి జాతీయ సమాధికి వెళ్లాను. దీన్ని 1959లో కట్టారు. విదేశాల్లో చనిపోయి, ఎవరివో తేలని దాదాపు 3 లక్షల 70 వేల మంది అస్థికలు ఇక్కడ ఉన్నాయి. గైడ్‌బుక్కులు దీన్ని దాటేస్తాయి గానీ, ఈ రోజు మొత్తంలో నేను మళ్లీ వెళ్లాలనుకునే చోటు ఇదే. ఎవరు వీరుడో, ఎవరిది న్యాయమో ఇక్కడ ఎవరూ చెప్పరు. ఇద్దరు ముసలివాళ్లు తెల్ల చామంతులు పెట్టి తలవంచి వెళ్లిపోయారు. నేనూ ఒక పువ్వు పెట్టాను. ఆ రైలుమార్గంలో పోయిన కూలీల కోసం ఇంకొకటి పెట్టాను.