గోడౌన్ పుట్టిల్లు: మలయ్ గుదాంగా, మన గిడ్డంగా?

సరుకు నిలవచేసే కట్టడాన్ని లండన్‌లో వేర్‌హౌస్ అంటారు గానీ గోడౌన్ అనరు. అది ఆసియా రేవుల్లో మసలిన ఆంగ్లపు మాట. సింగపూర్‌లోనూ హాంగ్‌కాంగ్‌లోనూ అది ఓడసరుకుల కొట్టు కాగా, ఆంగ్లో-ఇండియన్ బంగళాల్లో పెరటి సామాన్ల గదిని కూడా అలాగే పిలిచేవారు. "గో", "డౌన్" అని విడదీసి, మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ అని అర్థం చెప్పడం సరదాగా ఉంటుందే తప్ప లెక్కలోకి రాదు. నిలబడగలిగినవి రెండు వాదాలు: మలయ్ గుదాంగ్ నుంచి వచ్చిందన్నది ఒకటి, తెలుగు గిడ్డంగి లేదా తమిళ కిడంగు నుంచి వచ్చిందన్నది మరొకటి.

ఉచ్చారణను బట్టి చూస్తే మొదటిదే గట్టిది. గిడ్డంగిలోని ఇకారం నేరుగా ఓకారం కావడం కష్టం. గుదాంగ్ పోర్చుగీసుల నోట నలిగి ఆంగ్లేయులకు చేరిందనుకుంటే ఆ చిక్కు ఉండదు. 16వ శతాబ్దంలో బర్మాలోని పెగూ నగరాన్ని చూసిన వెనిస్ వర్తకుడు చెజారె ఫెదెరీచి, అక్కడి వ్యాపారులు విలువైన సరుకును మామూలు ఇళ్లకు వచ్చే ప్రమాదాల నుంచి కాపాడుకోవడానికి ఇటుకలతో కట్టిన "గోడాన్"లో ఉంచేవారని రాశాడు. ఇండొనేషియాలో నేటికీ గుదాంగ్ అంటే కొట్టు, గెదుంగ్ అంటే భవనం.

అర్థాన్ని బట్టి చూస్తే మాత్రం త్రాసు ఇటు మొగ్గుతుంది. తమిళంలో "కిడ" అంటే పడి ఉండటం. కిడంగు అంటే సరుకు పడి ఉండే చోటు, కందకం కూడా. 1886లో వెలువడిన, ఆంగ్లో-ఇండియన్ మాటలకు అర్థాలూ మూలాలూ చెప్పే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ పండితులు, ఈ మాట మలయ్ రేవుల మీదుగా ఇండియాకు వచ్చినా దాని మూలం దక్షిణాదిదేనని అభిప్రాయపడ్డారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక తమిళమా, తెలుగా? తమిళ "కడై" (అంగడి) మలయ్‌లో "కెదాయ్" అయినప్పుడు, "కప్పల్" (ఓడ) "కపల్" అయినప్పుడు మొదటి కకారం చెక్కుచెదరలేదు. గుదాంగ్‌లో ఉన్నది గకారం. దీన్ని రుజువు అనలేను గానీ, తెలుగు వైపు ఒక మాట చెప్పడానికి చాలు.

హిందీ గుదాం ఆంగ్లం నుంచి వచ్చిందనీ ఆ పండితులే అన్నారు. అదే నిజమైతే, గిడ్డంగుల సంస్థ బోర్డు కింద నిలబడి "గోదాంలో చోటుందా?" అని అడిగే రైతు ఒకే మాటను రెండు వేషాల్లో వాడుతున్నట్టే.