పప్పు ఉడకని నీళ్లతో జపనీస్ మేపుల్: నాలుగేళ్ల అనుభవం

నల్గొండలో జపనీస్ మేపుల్ పెంచుతున్నానంటే అందరూ ఎండ గురించే అడుగుతారు. నాలుగేళ్లు పెంచాక నేను చెప్పేది మాత్రం నీళ్ల గురించి. మా బోరు నీళ్ల మీద కోపం నాకింకా చల్లారలేదు.

కొరియర్‌లో వచ్చిననాడు మొక్క పెన్సిలంత లావు కూడా లేదు. బోన్సాయ్‌కి, అంటే కుండీలో పొట్టిగా పెంచడానికి, అలా లేతగా ఉన్నదే మంచిదని తెప్పించుకున్నాను. మొదటి ఏడాది ముచ్చటగా పెరిగింది. ఎదురెదురుగా జంటలు జంటలుగా ఆకులు. జపాన్‌లో దీన్ని కయెదే అంటారు, కప్ప చెయ్యి అన్న మాట నుంచి వచ్చిన పేరు. లేత ఆకు ముడుచుకున్న వేళ్లు విప్పుతుంటే చూడాలి, పేరు ఎంత సరిగ్గా కుదిరిందో! ఆ సంతోషంలో తెలిసినవాళ్లందరికీ "మన దగ్గర కూడా వస్తది, పెట్టుకోండి" అని చెప్పాను.

రెండో ఏడాది మార్చిలో ఆకు కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. అక్కడి నుంచి అంచుల వెంబడి లోపలికి మాడుతూ వచ్చాయి. ఎండ దెబ్బే అనుకున్నాను. డాబా మీద నుంచి దించి తూర్పు వైపు వేపచెట్టు పక్కన పెట్టాను. పైన గ్రీన్ నెట్ కట్టి, పొద్దున 9 దాటాక ఎండ తగలకుండా చూశాను. ఆగలేదు. దాహమేమోనని రోజుకు రెండు పూటలు, మేలో 44 డిగ్రీలు కాస్తున్నప్పుడు మూడు పూటలు పోశాను. పోసినకొద్దీ మాడింది. మాడని ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉన్నా మధ్యభాగం పసుపెక్కింది. రోహిణి కార్తెకు ఉత్త పుల్ల మిగిలింది. గోటితో బెరడు గీరితే లోపల సన్నటి పచ్చ చార కనబడింది. అది చూసే పారెయ్యలేదు.

కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఉంది, నేను రోజూ చూస్తున్నదే. అమ్మ దాన్ని వేలితో గీకి చూసి, "కందిపప్పు ఉడకని నీళ్లాయె, గీ చెట్టుకెట్ల పడతయి బిడ్డా?" అంది. మా ఇంట్లో పప్పుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు, మొక్కలకు బోరు నీళ్లు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వేసే పద్ధతికి ఏకంగా మా ఊరి పేరే ఉంది. అలాంటి ఊళ్లో పుట్టి కూడా నీళ్ల సంగతి నాకు తట్టలేదు.

నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. ఎండాకాలం ఎక్కువ పోస్తే ఎక్కువ పేరుకుంటుంది. వేరుకు నీరు లాగడం కష్టమవుతుంది, లోపలికి పోయిన ఉప్పు ఆకు కొసకు చేరి మాడుస్తుంది. మేపుల్‌కు కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. మా బోరులాంటి సున్నపు నీళ్లకు ఆ ఆమ్లగుణం పోయి ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది.

మృగశిరలో తొలి వాన పడగానే కుండీని ఆరుబయట పెట్టేశాను. రెండు రోజులు అడుగు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మూడు వారాలకు ఒక కణుపు దగ్గర అటొకటి ఇటొకటి, ఆవగింజంత ఎర్ర మొగ్గలు! అప్పటి నుంచి డాబా మీద పడ్డ వాన నీళ్లు 200 లీటర్ల డ్రమ్ములు రెండింటిలో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి, అవే పోస్తున్నాను.

అందరికీ పెట్టుకోమన్న మాట మాత్రం ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఈ చెట్టుకు వారాల తరబడి చలి ఉండి, ఆకు రాల్చి నిద్రపోవాలి. మా డిసెంబరు రాత్రుల చలి దానికి చాలదు. ఫొటోల్లో ఆకు రాలేముందు కనిపించే ఆ ఎరుపు నా చెట్టుకు ఒక్క ఏడాదీ రాలేదు. ఆకు ముదిరి, గోధుమ రంగై, వేలాడుతూ ఉంటుంది. నాలుగేళ్లకు కాండం చిటికెన వేలంత. అదే వయసు చింత మొక్క, అవే బోరు నీళ్లు తాగి, దీనికి రెండింతలు లావెక్కింది.

నేను ఊరు కదలను, ఇంటికి తూర్పు వేప నీడ ఉంది, కాబట్టి నాకు సాగుతోంది. మేలో వారం రోజులు పెళ్లిళ్లకు పోయే ఇల్లయితే చింతో జువ్వో పెట్టుకోమంటాను.

ఈసారి రెండో డ్రమ్ము ఏప్రిల్ చివరికల్లా అడుగంటింది. భగీరథ నీళ్లు రాత్రంతా బకెట్‌లో నిలవ ఉంచి పోస్తున్నాను. కొసలు కొద్దిగా మాడాయి, అంతవరకే. మృగశిర లోపు మూడో డ్రమ్ము కొనాలి.