జబ్బుతో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు హెచ్చరిక: ‘గుర్తింపు ఉన్న హోమ్ స్కూలింగ్’ ప్యాకేజీ కొనకండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో దీర్ఘకాలిక జబ్బు వల్ల పిల్లలు బడికి సరిగా వెళ్లలేక, ఇంటి దగ్గరే చదివిస్తున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ‘ప్రభుత్వ గుర్తింపు ఉన్న హోమ్ స్కూలింగ్’ అంటూ ఏడాది ప్యాకేజీ అమ్మేవాళ్లు మీ దగ్గరకు వస్తే డబ్బు కట్టకండి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పకండి, బడి నుంచి టీసీ తీసుకోకండి. ఈ మూడూ మొదటి వారంలోనే మీ చేత చేయించాలని చూస్తారు.

మా పాపకు పదేళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉంది, అంటే మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు. ఈ జబ్బున్న ఇళ్లలో తెల్లవారితే మొదటి పని ఏమిటో అనుభవించినవాళ్లకు తెలుసు. కళ్ల కింద ఉబ్బు ఉందేమో చూస్తాం. ప్రోటీన్ ఎంత పోతోందో చూసే స్ట్రిప్‌ను మూత్రంలో ముంచి, రంగు మారిన గడిని సీసా మీద ఉన్న రంగుల పక్కన పెట్టి పోల్చి, డైరీలో రాస్తాం. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్ వచ్చిందంటే జబ్బు తిరగబెట్టినట్టే. మళ్లీ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు ఎక్కువ మోతాదులో వేయాలి, ఉప్పు తగ్గించాలి, దగ్గు జలుబు ఉన్నవాళ్లను దగ్గరకు రానివ్వకూడదు. స్టెరాయిడ్ వల్ల బుగ్గలు ఉబ్బుతాయి, ఎంత తిన్నా ఆకలి తీరదు, చిన్న మాటకే ఏడుపు వస్తుంది. ఆ వారాల్లో బడి మాట ఎత్తలేం. తగ్గిన తర్వాత అదే పిల్ల వీధిలో సైకిలు తొక్కుతుంది. జబ్బు నెమ్మదించినప్పుడు తప్పకుండా బడికి పంపమని మా డాక్టరు చెప్తూనే ఉన్నారు.

ఆ సంస్థవాళ్లు మాకు తారసపడింది ఒక ల్యాబ్ బయట. చికిత్స కోసం రుయాకో, స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో తిరిగే తల్లిదండ్రులు చేతిలో ఫైలుతో నిలబడి ఉంటారు కదా, వాళ్లకే కరపత్రాలు పంచుతున్నారు. నంబరు తీసుకున్న మర్నాటి నుంచి కౌన్సిలర్ అనే అమ్మాయి ఫోన్లు. “అక్కా, పాపకు ఒక్క ఏడాది కూడా నష్టం జరగదు. ఆసుపత్రిలో ఉంటే క్లాసులు ఆపేస్తాం, ఇంటికి వచ్చాక అక్కడి నుంచే మొదలుపెడతాం. జబ్బున్న పిల్లలకు చెప్పడంలో శిక్షణ పొందిన టీచర్లు ఉన్నారు. ఏడాది చివర్లో ఐదో తరగతి సర్టిఫికెట్ మా బోర్డు నుంచి వస్తుంది.” రాత్రంతా నిద్ర లేని తల్లికి ఈ మాటలు ఎంత ఊరటగా వినిపిస్తాయో అమ్మేవాళ్లకు బాగా తెలుసు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఫీజు 68,000 రూపాయలు. ఒకేసారి అక్కర్లేదు, వడ్డీ లేని పన్నెండు వాయిదాలు అన్నారు. ఆధార్, పాన్ ఫోటోలు అడిగారు, ఒకదాని వెంట ఒకటి ఓటీపీలు వచ్చాయి. మేం కడుతున్నది ఫీజు వాయిదా కాదని, మా ఆయన పేరు మీద వేరే రుణ సంస్థ ఇచ్చిన అప్పు అని బ్యాంకు నుంచి మొదటి కోత పడ్డాక బయటపడింది. అంటే చదువు చెప్పే సంస్థకు పూర్తి డబ్బు ముందే చేరిపోయింది. క్లాసు జరిగినా జరగకపోయినా అప్పు మనదే. దీర్ఘకాలిక జబ్బున్న ఇంట్లో మందుల ఖర్చు ఏ నెల ఎంతవుతుందో చెప్పలేం. అలాంటి ఇంటి మీద నెలనెలా తప్పని వాయిదా పెట్టడం మామూలు వ్యాపారం కాదు.

పెట్టెలో వచ్చిన పుస్తకాల సంగతి చూడండి. ‘ప్రత్యేకంగా తయారుచేసిన స్టడీ మెటీరియల్’ అని అట్ట మీద రంగుల్లో ఉంది. లోపల గణితం వర్క్‌బుక్ తిరగేస్తుంటే భిన్నాల పాఠంలో ఒక పేజీ అడుగున సగం చెరిపేసిన అక్షరాలు కనిపించాయి. మా పాప బడి పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాం. అవే బొమ్మలు, అవే లెక్కలు. చెరిపేసిన ఆ వరుస ‘ప్రభుత్వ ఉచిత పంపిణీ’ అని అచ్చేసే వరుస. రాష్ట్ర పాఠ్యపుస్తకాలనూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలనూ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రభుత్వ దీక్షా పోర్టల్‌లో పాఠాల వీడియోలు కూడా ఉచితమే.

ఇక క్లాసులు. శిక్షణ పొందిన టీచరు అన్నారు, తరచూ కొత్త ముఖమే కనిపించేది. పాపకు ఏ జబ్బో వాళ్లలో ఎవరికీ తెలియదు. కెమెరా ఆన్ చేసి తీరాలన్నది నియమం. బుగ్గలు ఉబ్బి ఉన్న రోజుల్లో పాప కెమెరా ముందుకు రానని ఏడిస్తే, క్రమశిక్షణ లేదని రిపోర్టులో రాశారు. మూత్రానికి లేచి వెళ్తే ‘క్లాసు మధ్యలో వెళ్లిపోయింది’ అని రాశారు.

తర్వాత జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేర్చాం. క్లాసులు ఆపమని మెసేజ్ పెడితే, ఒప్పందం ప్రకారం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని, లేకపోతే ఆ క్లాసులు పోయినట్టే లెక్క అని జవాబు వచ్చింది. వారం ముందే చెప్పి తిరగబెట్టే జబ్బు ఎక్కడైనా ఉందా? ఉన్నదంతా వెనక్కి ఇవ్వమంటే కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వం అన్నారు. నోటితో చెప్పిన ఒక్క మాట కూడా కాగితంలో లేదు.

సర్టిఫికెట్ విషయం అన్నిటికంటే ముఖ్యం కాబట్టి వివరంగా రాస్తాను. వాళ్లు చూపించిన నమూనా సర్టిఫికెట్ మీద ఏదో ‘బోర్డు’ పేరు, గుండ్రటి ముద్ర ఉన్నాయి. అది కేంద్ర బోర్డూ కాదు, రాష్ట్ర బోర్డూ కాదు. అసలు ఆ కాగితం అవసరమే లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటిన పిల్లలు ఏ బడిలోనూ చేరకపోయినా, మధ్యలో ఆగిపోయినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. ఎనిమిదో తరగతి దాకా ఈ రక్షణ ఉంది. ‘సర్టిఫికెట్ లేకపోతే ఏడాది పోతుంది’ అన్న భయాన్నే వాళ్లు మనకు అమ్ముతున్నారు.

పదో తరగతి దగ్గర పడిన పిల్లలకు నిజమైన దారి ఉంది, దానికి ఏజెంటు అక్కర్లేదు. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, కేంద్ర ప్రభుత్వానిది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి దాని వెబ్‌సైట్‌లోనే నేరుగా చేరవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్ నెలల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. ఏప్రిల్‌లో రెండు సబ్జెక్టులు రాసి, ఒంట్లో బాగాలేకపోతే మిగతావి అక్టోబర్‌కు పెట్టుకోవచ్చు. జబ్బున్న పిల్లలకు ఇంతకంటే అనుకూలమైన పద్ధతి నాకు కనిపించలేదు. మన రాష్ట్రానికి ఏపీ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. చిన్న పిల్లలకు 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఎన్‌ఐఓఎస్‌లో ఉన్నాయి కానీ, అవి దాని గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే నడుస్తాయి. ఎవరైనా ‘మాది ఎన్‌ఐఓఎస్ కేంద్రం’ అంటే వాళ్ల పేరు ఆ వెబ్‌సైట్‌లో ఉందో లేదో వెతకండి. మేం వెతికాం, వీళ్ల పేరు లేదు.

టీసీ తీసుకోకపోవడమే మమ్మల్ని కాపాడింది. ‘టీసీ తెస్తేనే నమోదు పూర్తవుతుంది’ అని పదే పదే ఒత్తిడి చేశారు. అడగడానికి బడికి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ ఒకటే మాట చెప్పారు: “టీసీ ఎందుకమ్మా? డాక్టరు గారి ఉత్తరం తెచ్చి ఇవ్వండి. పేరు ఇక్కడే ఉంటుంది, బాగున్నప్పుడు వస్తుంది, బాగాలేనప్పుడు పాఠాలు మేం పంపిస్తాం.” ఇప్పుడు అలాగే జరుగుతోంది. క్లాస్ టీచరు వారం పాఠాల చీటీ నోట్‌బుక్‌లో పెట్టి పక్కింటి అబ్బాయితో పంపిస్తారు. పాప ఓపిక ఉన్నప్పుడు గంట, లేనప్పుడు పావుగంట చదువుతుంది. పేరు బడిలో ఉండటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. రేపు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతం లోకల్ అని చూపించాలంటే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. సీబీఎస్ఈ బడుల్లో చదివే పెద్ద పిల్లలైతే 75 శాతం హాజరు నియమం ఉంది. అనారోగ్యం కారణంగా మినహాయింపు కోరవచ్చు కాబట్టి వైద్య పత్రాలు ఎప్పటికప్పుడు బడిలో ఇచ్చి రసీదు తీసుకోండి.

తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఒకటి గమనించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బులు ఉన్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం కోసం అడగండి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు పొందే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో వాకబు చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు వాయిదాలు ఉన్నట్టుండి ఆపేయకండి, అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ముందు రుణ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అప్పు వివరాల పత్రం, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, మీకు ఇచ్చారా అని అందులో అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, సమాచారం కోసం 14448కి ఫోన్ చేయండి. చదువు సంస్థ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంస్థ ఆఫీసు ఎక్కడ ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మేం దాఖలు చేశాం, విచారణ ఇంకా నడుస్తోంది. కేసుకు పనికొచ్చేవి కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్. వాళ్ల గ్రూపులోంచి మిమ్మల్ని తీసేసేలోపే మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపే కేసు వేయాలి, కాబట్టి పిల్లల ఒంట్లో కుదుటపడే దాకా ఆగకుండా ఈ వారమే మొదలుపెట్టండి.