పీఓ-33 రివ్యూ: తలుపు చప్పుడుతో తాళం కట్టే శాంప్లర్

టీనేజ్ ఇంజినీరింగ్ అనే కంపెనీ వాళ్ల శాంప్లర్ పీఓ-33 (శాంప్లర్ అంటే చప్పుళ్లు రికార్డు చేసి బటన్లతో మళ్లీ వాయించే పెట్టె) చూడ్డానికి కాలిక్యులేటర్‌లా ఉంటుంది, రెండు చిన్న బ్యాటరీలు చాలు, మైకు, స్పీకరు దాంట్లోనే ఉన్నాయి. బీట్లు చేసుకునే బొమ్మ అనుకుని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. నేనైతే 1948లో పారిస్ రేడియోలో పనిచేసే ఇంజినీరు పియర్ షాఫెర్ ఏం చేశాడో చదివి అర్థం కానివాళ్లకి దీన్నే చేతికిస్తాను.

షాఫెర్ బాటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల చప్పుళ్లు, కూతలు రికార్డు చేసి, వాటినే కోసి, మళ్లీ మళ్లీ మోగించి సంగీతంగా మార్చాడు. అప్పటికింకా ఆయన పనంతా డిస్కుల మీదే, టేపు కాదు. డిస్కు మీద ముల్లు నడిచే గాడిని వలయంలా మూసేస్తే ముల్లు అదే చుట్టు తిరుగుతూ ఉంటుంది, నిమిషానికి 78 చుట్లంటే ఒక్కో ముక్క సెకను కూడా ఉండదన్నమాట. అందుకే పీఓ-33 మెమరీ మొత్తం 40 సెకన్లేనా అని ఎవరైనా పెదవి విరిస్తే నేను ఒప్పుకోను. జాగా తక్కువైతేనే ఏ చప్పుడు ఉంచాలో, ఏది తీసేయాలో చెవి నిజంగా ఆలోచిస్తుంది.

ఇది చేసి చూడండి. గాజు గ్లాసుని చెంచాతో తట్టి రికార్డు చేయండి, తర్వాత ట్రిమ్‌లోకి (శబ్దాన్ని కోసుకునే చోటు) వెళ్లి నాబ్ తిప్పుతూ మొదట్లో వచ్చే ఆ టంగుమనే దెబ్బని కోసేయండి. మిగిలిన దాంట్లో గాజు పోయి, ఎవరో మెల్లగా ఊదుతున్నట్టు వినిపిస్తుంది. షాఫెర్ గంట మోత మీద చేసింది ఇదే! శబ్దం దేన్నుంచి వచ్చిందో మన చెవి చాలావరకు ఆ మొదటి క్షణంలోనే పోల్చుకుంటుంది, అది తీసేస్తే ఇక ఆ శబ్దంతో ఏమైనా చేయొచ్చు. మెలోడీ స్లాట్‌లో (శబ్దాలు దాచే గదుల్లో స్వరాల కోసం ఉన్నది) రికార్డు చేసి ఉంటే ఆ ముక్కే 16 బటన్ల మీద స్వరాలుగా పలుకుతుంది.

పాప్ పాటల్లోకి వచ్చింది ఈ పద్ధతే. బీటిల్స్ 1966లో ‘టుమారో నెవర్ నోస్’కి టేపు లూపులు (కొసలు కలిపి అతికించి, ఆగకుండా తిరిగేలా చేసిన టేపు ముక్కలు) వాడారు. రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాట ‘మనీ’ (1973) ఇంకా సూటిగా ఉంటుంది: నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ మోత, ఇలా ఏడు శబ్దాల టేపు ముక్కల్ని కొలిచి అతికించారు, పాట మొదలయ్యేదే ఆ ఏడు దెబ్బల మీద. 1980లో గాయని కేట్ బుష్ పాట ‘బబూష్కా’కి వచ్చేసరికి గాజు పగిలే చప్పుడుని ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ శాంప్లర్ మీద కీబోర్డుతో వాయించేశారు. తర్వాత హిప్ హాప్‌లో ఈ పద్ధతిని ఎంత వాడారో తెలిసిందే.

పూర్తి పాట ఎడిట్ చేయాలనుకుంటే ఇది సరిపోదు, కంప్యూటర్ తీసుకోండి. బటన్ల కాంబినేషన్లు గుర్తుపెట్టుకోవడానికీ కొంత ఓపిక కావాలి. కొన్నాక మాత్రం ముందే రెడీగా ఉన్న పాటల ముక్కలు ఎక్కించొద్దు. డ్రమ్ స్లాట్‌లో తలుపు తీసి వేసే చప్పుడు మొత్తం రికార్డు చేయండి, పీఓ-33 తనంతట తనే దాన్ని ముక్కలు చేసి బటన్లకి పంచేస్తుంది, గడియ ఒక బటన్ మీద, కిర్రుమనే శబ్దం ఇంకోదాని మీద వస్తాయి, మొదటి బీట్ వాటితోనే కట్టండి.