పిల్లల సంగీత నాటకానికి అద్దె వేషాలు, మైకులు: అనంతపురంలో మా అనుభవం

ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1880లో తాడిపత్రిలో జన్మించిన ప్రఖ్యాత రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పుట్టిన గడ్డ మీద మా బడి పిల్లలు సంగీత నాటకం ఆడాలని సంకల్పించినప్పుడు, అనంతపురంలోని ఒక దుకాణం నుంచి వేషాలు, హార్మోనియం, మైకులు అద్దెకు తీసుకున్నాము.

వేషాల విషయంలో యజమాని చూపిన శ్రద్ధ గొప్పది. కిరీటం వదులైతే పాడే పిల్లవాడి మనసు పాట మీద నిలవదని చెప్పి, లోపలి అంచుకు పాత చీర పేలికను మడిచి కుట్టి, తల ఊపి చూడమన్నారు. రంగు వెలసిన పంచెలకు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, వారి తల్లులు కలిసి రెండు సాయంత్రాలు కూర్చుని జరీ అంచులు కుట్టారు. హార్మోనియం బాగుంది, దానిని వారం ముందే తెచ్చుకుని పిల్లల గొంతులకు తగిన శ్రుతిని ఎంచుకోవడం మేలు.

మైకులే నిరాశపరిచాయి. రెండో రంగంలో కథానాయిక కాలరు మైకు ఆగిపోయింది; కొత్త బ్యాటరీలు వేయవలసిన బాధ్యత దుకాణానిదే కనుక దీనిని చిన్న లోపమనలేను. తెర లాగే పిల్లవాడు స్టాండు మైకును ఆమె ముందుకు జరపగా, ఎవరూ చెప్పకుండానే వంతపాట పిల్లలంతా గొంతు తగ్గించి ఆమె పాట వినిపించేలా చేసినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

వేషాలకు మళ్లీ అక్కడికే వెళతాము. మైకులు మాత్రం వేరేచోట తీసుకుంటాము.